ఊక బొగ్గుతో అతికిన గొట్టం

ఈ ఉదయం ఫోనుకు ఒక ఆహ్వానపత్రం వచ్చింది. రాజమండ్రిలో నేను పాఠాలు చెప్పి రిటైరైన ఇంజనీరింగు కాలేజీలో మా పాత హెడ్డుగారికి సన్మానమట. మైక్రోవేవ్‌లో వేడిచేసి పింగాణీని అతికించే పద్ధతి కనిపెట్టినందుకట. నన్నూ అయిదు నిమిషాలు మాట్లాడమన్నారు. చదివేసరికి నాకు ఒళ్లు మండిపోయింది.

కనిపెట్టింది ఆయనా? విరిగిన పింగాణీ గొట్టం ముక్కల మధ్య గాజుపొడి పెట్టి, ఆయనా నేనూ నెలరోజులు ఓవెన్ ముందు కాపలా కూర్చున్నాం. గొట్టం వేడెక్కేదే కాదు. అదే ఓవెన్‌లో హెడ్డుగారి టీ మాత్రం దివ్యంగా కాగేది. ఆ టీ పెట్టేది మా ల్యాబ్ అటెండరు, నాకంటే పదేళ్లు పెద్దాయన. అంతకుముందు పెంకుల బట్టీలో పనిచేశాడు. ఒకరోజు హెడ్డుగారి కోసం ఆ ఓవెన్‌లోనే అప్పడం కాల్చబోయి మాడ్చేశాడు. మాడిన నల్లమచ్చ దగ్గరే నిప్పు రాజుకోవడం ఆయన కంటపడింది. మర్నాడు రైసుమిల్లు నుంచి సంచీలో ఊక బొగ్గు తెచ్చాడు.

"నలుపు ముందు కాగుతోంది మేష్టారూ. దీన్ని అతుకు చుట్టూ కూరదామండి. ఇది కాగితే గొట్టం కూడా కాగుద్ది" అన్నాడు.

బట్టీ ఇటుకను తొలిచి గూడు చేసి, గొట్టాన్ని బొగ్గుతో సహా అందులో పెట్టాడు. కాసేపటికి గూటి సందుల్లోంచి ఎర్రటి వెలుగు కనిపించింది. చల్లారాక కొలతలేవీ చూడలేదాయన. మా ఇళ్లలో ఆడవాళ్లు ఆవకాయ జాడీ కొనేముందు చూసినట్టే, వేలి కణుపుతో కొట్టి చెవి ఒగ్గాడు. ఖంగుమంది. అతికిందండీ అని నవ్వాడు.

మా పరిశోధన పేపరు అచ్చయింది. మొదటి పేరు హెడ్డుగారిది, రెండోది నాది. అటెండరు పేరు వేస్తే మన పరువేం కావాలన్నారు హెడ్డుగారు. ప్రమోషన్ దగ్గర పడింది, నేను నోరెత్తలేదు. సిగ్గులేని మౌనం అది. ఇంగ్లీషులో తన పేరు తప్ప ఇంకేమీ చదవలేని ఆ మనిషి, చేతులు చొక్కాకు తుడుచుకుని, ప్రతి పేజీ మీదా వేలు పెట్టి వెతుక్కున్నాడు.

"నా పేరు ఎక్కడుందండి?" అని అడిగాడు.

వచ్చేదాంట్లో వేస్తామన్నాను. సరేనండి అని టీ పెట్టడానికి వెళ్లాడు. ఆ వచ్చేది రానేలేదు. ఆయన పోయి కూడా చాలా ఏళ్లయింది.

ఆ గొట్టాన్ని సభలో అద్దాల పెట్టెలో పెడతారట. వెళ్తాను. పెట్టె తెరిపించి, వేలి కణుపుతో కొట్టి అందరికీ వినిపిస్తాను. ఇంతకాలం గడిచాక ఇప్పుడెందుకండీ అంటారు. కాలం గడిచినకొద్దీ మా అబద్ధమే గట్టిపడింది, అందుకు. మైకు ఇవ్వకపోయినా సరే, ఇక్కడైనా అచ్చులో పడనీ.

ఆయన పేరు వీర్రాజు.