పన్నెండు బిట్ల డప్పు

మా కీబోర్డు మాస్టారు పోయారన్న కబురు నాకు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. మాస్టారు ఇక లేరు, రేపు పదింటికి ప్రార్థన, అని ఎవరో పెట్టారు. కింద వరసగా దండాల బొమ్మలు. ఆ దండాల మధ్యలోనే ఒక పెద్దమనిషి రాశాడు: "అయ్యో, చాలా బాధాకరం. ఆయన దగ్గరుండే పాత శాంప్లర్ ఎవరికైనా ఇచ్చేశారా, ఏమైనా తెలుసా?" రెండు వాక్యాల మధ్య ఊపిరి కూడా పీల్చుకోలేదు. మనిషిని మట్టి చెయ్యకముందే మెషీన్‌కి వారసులు బయల్దేరారు.

శాంతంగా రాద్దామనుకున్నాను. కుదిరేలా లేదు. మెషీన్ పోతే పోనీ. అందులో మల్లేశం అనే మనిషి డప్పు దెబ్బలున్నాయి. వాటితోపాటు అతని పేరు కూడా ఉంటుందా, చెరిగిపోతుందా అన్నదే మాస్టారు పోయాక తేలాల్సి వచ్చిన సంగతి.

మాస్టారిది కోస్తా. ఒమన్‌లో ఇబ్రా అనే ఊళ్ళో ఒక ఆస్పత్రిలో ఇరవై ఏళ్ళకు పైగా ఎక్స్‌రేలు తీశారు. అక్కడ సెలవు రోజైన శుక్రవారం జరిగే చర్చి ప్రార్థనల్లో కీబోర్డు వాయించేవారు గనక అందరికీ మాస్టారే. నా మణికట్టు విరిగినప్పుడు మొదటిసారి ఆయన చేతికి చిక్కాను. నా చెయ్యి బల్ల మీద సర్ది "కదలొద్దు" అన్నారు గానీ, తను మాత్రం అదే బల్ల మీద వేళ్ళతో దరువేస్తూనే ఉన్నారు. బల్ల అదురుతోంది కదండీ అన్నాను. "విరిగింది నీది గదయ్యా, నాది కాదుగా," అన్నారు. అలా మొదలైంది మా స్నేహం.

శాంప్లర్ అంటే తెలియని వాళ్ళకి ఒక మాట. బయటి శబ్దాన్ని చిన్న ముక్కగా పట్టి, ఒక మీటకి తగిలించి, నొక్కినప్పుడల్లా తిరిగి పలికించే పెట్టె అది. ఒక హోటల్ బ్యాండు మూతపడితే, వాళ్ళ సామాను మస్కట్ పక్క మత్రా బజారులో ఒక సేటు కొట్టుకి చేరింది. మాస్టారు అక్కడ కొన్నారు. శబ్దాన్ని ముతగ్గా పట్టే పన్నెండు బిట్ల కాలం నాటిది. కొన్ని సెకన్ల శబ్దం పడితే నిండిపోతుంది. ఫ్లాపీ పెడితే చాలాసేపు గుర్రుగుర్రుమని, బుద్ధి పుడితే చదువుతుంది.

ఇప్పుడు ఈ పెట్టెలకి భక్తులు తయారయ్యారు. "ఆ వెచ్చదనం వేరండీ," అంటారు. "ఆ గరుకు కొత్తవాటిలో రాదండీ, అదొక క్యారెక్టర్," అంటారు. కళ్ళు కూడా మూస్తారు. అయ్యా, ఆ గరుకు ఎక్కడినుంచి వచ్చింది? చోటు లేకపోవడం నుంచి వచ్చింది. పొడుగు శబ్దం అందులో పట్టదు. అందుకని మాస్టారు క్యాసెట్‌ని రెట్టింపు వేగంతో తిప్పి శబ్దాన్ని పొట్టిగా చేసి లోపలికి తోసేవారు. ఆ తర్వాత పెట్టెలో సగం వేగానికి దించి పలికించేవారు. ఆ తోపులాటలో సన్నటివన్నీ రాలిపోయి, మిగిలింది ముతగ్గా, బరువుగా బయటికొచ్చేది. గతిలేక చేసిన పని. దానికి ఇవాళ ఏసీ గదుల్లో కూర్చుని హారతి పడుతున్నారు. ఇరుకు గదిలో ఎనిమిది మందితో బతికిన వాడెవడూ ఇరుకుని క్యారెక్టర్ అని పిలవగా నేను వినలేదు.

మల్లేశానిది జగిత్యాల వైపు. సైట్‌లో షట్టరింగ్ కార్పెంటర్. ఊరినుంచి బట్టల మధ్య చుట్టి డప్పు తెచ్చుకున్నాడు. తోలు బిగియాలంటే మంటకి కాచాలి. కూలీలుండే కంపెనీ క్యాంపులో మంట పెడితే ఉద్యోగం పోతుంది. ఏడాదిన్నర ఆ డప్పు మంచం కిందే పడి ఉంది. ఛాతీ ఎక్స్‌రేకి వచ్చినప్పుడు మాస్టారికి ఈ సంగతి చెప్పాడట. మాస్టారు అతన్ని జూన్ మిట్టమధ్యాహ్నం తన క్వార్టర్‌కి రమ్మని, డప్పుని తీసుకెళ్ళి కారు బానెట్ మీద బోర్లించారు.

"మంటెందుకయ్యా? ఒమన్ ఉందిగా!"

పావుగంటలో తోలు బిగిసి కణకణమంది. నేనూ అక్కడే ఉన్నాను. చప్పుడు పడకూడదని గదిలో ఏసీ ఆపేశారు. క్యాసెట్ తిరుగుతోంది. మల్లేశం చెమట కారుస్తూ వాయిస్తున్నాడు. ఆ పెట్టెకి కావాల్సింది ఒక్కొక్క దెబ్బే. అతనికేమో చెయ్యి ఆగదు.

"ఒక్కటే కొట్టవయ్యా బాబూ!"

"ఒక్కటేట్ల కొడ్తరు సార్? నడుమల ఆపితే చెయ్యి గుంజుతది."

మాస్టారి భార్య అదే ఆస్పత్రిలో నర్సు. ఊరందరికీ సిస్టర్. ఆవిడ తలుపు తీసి, "చాలు, ఆపండి. వడదెబ్బకి మీ ముగ్గుర్నీ నేనే అడ్మిట్ చేసుకోవాలి," అని కసిరింది.

పెట్టెలో ప్రతి దెబ్బకీ ఒక పేరు పెట్టాలి. ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాలకే చోటుంది. మాస్టారు 'మల్లేశ్' అని ఏడక్షరాలు కొట్టి, ఎనిమిదో గడిలో అంకె వేశారు. మల్లేశ్ ఒకటి, మల్లేశ్ రెండు, అలా తొమ్మిది దాకా.

"నా పేరుల 'అం' ఏడ వోయె సార్?"

"మెషీన్ మింగిందయ్యా. ఉన్న చోటంతా నీకే ఇచ్చాను, ఇంకేం చెయ్యను?"

సగం వేగానికి దించి వినిపిస్తే మల్లేశం స్పీకర్ దగ్గర చెవి పెట్టి చాలాసేపు విన్నాడు. "గిది నా డప్పు గాదు సార్. మా తాత డప్పు లెక్కున్నది," అన్నాడు. మాస్టారు పొంగిపోయారు. "ఎక్స్‌రేలో మనిషి అందం కనపడదు, ఎముక కనపడుద్ది. ఇదీ అంతే," అనడం అప్పట్నుంచి ఆయనకి అలవాటైంది.

తర్వాతి ఏడాది మస్కట్‌లో ఒక తెలుగు సంఘం పండగ. జానపద నృత్యానికి డప్పు కావాలన్నారు. మల్లేశాన్ని తీసుకొస్తానని మాస్టారు ఫోన్ చేశారు. నేను పక్కనే ఉన్నాను, స్పీకర్‌లో విన్నాను. "అబ్బే, స్టేజీ మీద డప్పు ఎందుకండీ, ఫ్యామిలీలొస్తాయి. మీ మెషీన్‌లో ఉందిగా, సౌండ్ చాలు." సౌండ్ చాలట! దెబ్బ కావాలి, కొట్టిన చెయ్యి మాత్రం కంటపడకూడదు. డప్పుని, కొట్టేవాణ్ణీ ఊరి బయటే నిలబెట్టిన బుద్ధి పాస్‌పోర్టు మీద స్టాంపు వేయించుకుని సముద్రం దాటింది. ఇక్కడికొచ్చి దాని పేరు 'డెకోరమ్' అని మార్చుకుంది, అంతే.

నేనైతే పేజీలకి పేజీలు రాసేవాణ్ణి. మాస్టారు అలాంటి మనిషి కాదు. పెట్టె పట్టుకుని హాలుకి వెళ్ళారు, వైర్లు కలిపారు. తీరా సమయానికి ఫ్లాపీ తీసి చొక్కా జేబులో వేసుకుని, "డిస్క్ చదవట్లేదండీ. డప్పు కావాలంటే మనిషి బయటే ఉన్నాడు," అన్నారు. కమిటీ గుసగుసలాడింది. మనిషిని పిలవలేదు. అమ్మాయిలు చప్పట్లకే ఆడి దిగారు. నాకు తెలిసి ఆ ప్రార్థన మనిషి ఆడిన అబద్ధం అదొక్కటే. ఆ సంఘం ఆయన్ని మళ్ళీ పిలవలేదు. ఆయనా దాని గురించి మళ్ళీ మాట్లాడలేదు.

గ్రూపులో శాంప్లర్ గురించి అడిగిన పెద్దమనిషికి మస్కట్ శివారు అల్ ఖౌద్‌లో స్టూడియో ఉంది. మొన్న శుక్రవారం ఇబ్రా వచ్చాడు. సిస్టర్ నన్ను కూడా కూర్చోమంది. మాస్టారి ఫొటో వైపు ఒక్క చూపు, మెషీన్ వైపు అరగంట. మీట నొక్కాడు, కళ్ళు మూశాడు.

"విన్నారా సార్? దెబ్బ అయిపోయాక కింద ఒక మూలుగులా వస్తోంది చూడండి. అదే ఈ మెషీన్ ఆత్మ. ఇది ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ రాదు."

సిస్టర్ వంటింటి గుమ్మంలోంచి అంది: "అది మల్లేశం దగ్గు బాబూ. సిమెంటు దుమ్ము. ఆ వారం అతని ఛాతీ ఎక్స్‌రే ఈయనే తీశారు."

అతను మీట మీంచి వేలు తీసి తల దించాడు. సిగ్గుపడ్డాడని పొరబడ్డాను. "వావ్," అన్నాడు. "అయితే ఇంకా ఆథెంటిక్!" అని, ఆ తొమ్మిది దెబ్బల్నీ 'డెజర్ట్ ట్రైబల్' అనే పేరుతో ప్యాక్ చేసి అమ్ముతానని, పెట్టెలో పేర్లు మార్చడం నిమిషం పనని చెప్పుకుపోయాడు. జగిత్యాలలో ఎడారి ఎక్కడుందని అడిగాను. "అది బ్రాండింగ్ సార్," అన్నాడు, చిన్నపిల్లాడికి చెప్పినట్టు.

నేను గొంతు పెంచే లోపే సిస్టర్ ఫోన్ తీసి మల్లేశాన్ని రమ్మంది. శుక్రవారాలు కంపెనీ బస్సు కుర్రాళ్ళని బజారుకి తెస్తుంది. మల్లేశం చేతిలో కూరగాయల సంచీతో వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"లోపలికి రావయ్యా. ఇది నీది, తీసుకెళ్ళు," అంది సిస్టర్.

"నాకెందుకు సిస్టర్? రూమ్‌ల ఉన్నదే ఒక్క ప్లగ్గు."

"దీంట్లో నీ పేరుంది. నాకు అది చాలు. ఆయనుంటే ఇదే చేసేవారు."

స్టూడియో మనిషి లేచాడు. ఇలాంటివి జాగ్రత్తగా ఉంచగలిగిన వాళ్ళ దగ్గరుండాలి, దుమ్ముకి పాడైపోతాయి, చరిత్ర నాశనమవుతుంది అన్నాడు. మల్లేశం ఊపిరితిత్తుల్లో పడ్డ దుమ్ము గురించి ఎవరూ అంత గాభరా పడగా నేను చూడలేదు. ఆ మాటే అన్నాను. అతను కారు తాళాలు తీసుకున్నాడు.

మల్లేశం ఒక మీట నొక్కాడు. పదేళ్ళ కిందటి తన చెయ్యి పలికింది. రెండో దెబ్బ కోసం మీట వెతకలేదు. తొడ మీద తానే వేసుకున్నాడు. సిస్టర్ మొహం తిప్పుకుంది.

బయట డ్రైవర్ "జల్దీ కరో భాయ్!" అని హారన్ కొడుతున్నాడు. పెట్టె చంకలో పెట్టుకుని మల్లేశం బస్సెక్కుతుంటే లోపల్నుంచి ఎవడో అరిచాడు.

"ఏందన్నా అది, మిక్సీనా?"

"కాదురా. నేనే."

లోపల నవ్వులు. కిటికీ పక్క సీటు ఒక్కటే ఖాళీగా ఉంది. మల్లేశం ఆ సీట్లో పెట్టెని కూర్చోబెట్టి, తను నిలబడ్డాడు. బస్సు మలుపు తిరుగుతుంటే ఒక చెయ్యి పైనున్న కడ్డీ మీద, ఇంకో చెయ్యి పెట్టె మీద ఉండటం కనపడింది.