సూపర్‌ఛార్జర్‌కి నేను చేసిన పూజ

మొన్న మా బండి మిట్ట ఎక్కుతూ మధ్యలో నిలబడిపోయిందని మీలో చాలామంది వినే ఉంటారు. దానికి కారణం ఎవరో కూడా వినే ఉంటారు. విననివాళ్ళకి నేనే చెబుతున్నాను, కారణం నేను. ముందే చెప్పేయడం మంచిది. చివర్లో చెబుదామని దాచుకుంటే అప్పటికి మర్చిపోతానేమోనని భయం.

ఈ భయం ఈ మధ్యే పట్టుకుంది. పొయ్యి మీద పాలు పెట్టి పెరట్లోకి వెళ్ళి, ఎందుకొచ్చానా అని నిలబడతాను. పాలు మాడిన వాసన వచ్చాక గుర్తొస్తుంది. కొన్నిసార్లు అలా అయ్యాక మా కోడలు రమణమ్మ, "అత్తా, ఇంక నువ్వు పొయ్యి కాడికి రాబాకు, నేను చూసుకుంటాలే" అనింది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే పోట్లాడేదాన్ని. తర్వాత బీరువా తాళంచెవి కూడా నెమ్మదిగా ఆమె నడుముకి చేరింది. ఇంక నా చేతిలో మిగిలింది ఒక్కటే, చదివి చెప్పడం. నేను బడికి పోయిందాన్ని కాదు. అంగట్లో పొట్లాం కట్టిచ్చిన కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నదాన్ని. మందు డబ్బా మీద ఏముందో, బావికి ఏ మోటారు మంచిదో, ఇంట్లో ఇప్పటికీ నన్నే అడుగుతారు.

సరిగ్గా అప్పుడొచ్చింది ఈ సూపర్‌ఛార్జర్ గొడవ.

మా కొడుకు మాలకొండయ్యకి పెట్రోలు పికప్ బండి ఉంది. ఉదయగిరి అవతల తోటల్లో నిమ్మకాయలు ఎత్తుకుని ఆత్మకూరు వైపు తోలతాడు. కంపెనీ నుంచి ఎట్లా వచ్చిందో బండి అట్లాగే ఉంది, ఏమీ మార్చలేదు. ఖాళీగా బాగానే పోతుంది. లోడుతో మిట్ట వస్తే మాత్రం నాలాగా ఆగి ఆగి, మూలుగుతూ ఎక్కుతుంది. అది మార్కెట్టుకి చేరేసరికి కాయల వేలం సగం అయిపోయి ఉంటుంది. ఆత్మకూరులో ఖాదర్ అని మా వాడికి తెలిసిన మెకానిక్ ఉన్నాడు. ఇంజను విప్పకుండా బయటినుంచే బిగించే సూపర్‌ఛార్జర్ కిట్లు ఉన్నాయనీ, అవి ఇంజనులోకి గాలిని బలంగా ఊదుతాయనీ, పొయ్యిలో గొట్టంతో ఊదితే మంట లేచినట్టు బండికి బలం వస్తుందనీ అతనే చెప్పాడు.

ఫోన్లో రెండు రకాలు చూపించాడు. మాలకొండయ్య కన్ను పెద్దదాని మీద పడింది. అది నత్తగుల్ల ఆకారంలో తళతళలాడుతోంది. రెండోది మొద్దులాగా ఉంది. నేను రెండింటి గురించీ దొరికినంత చదివాను. మర్చిపోతానని మళ్ళీ చదివాను. తేలింది ఏమిటంటే, నత్తగుల్ల ఇంజను బాగా వేగం అందుకున్నాకే గట్టిగా ఊదుతుంది. మొద్దుది మాత్రం ఇంజను నిదానంగా తిరిగేటప్పుడే ఊదడం మొదలుపెడుతుంది.

"ఒరే, మిట్ట కాడ నీ బండి పరిగెత్తతాదా, పాకతాదా?" అని అడిగాను.

"పాకతాదిలే."

"పాకేదానికి పరిగెత్తేదాని ఊపిరి ఎందుకురా? మొద్దుదే తీసుకో."

ఈ పెద్దమ్మని తన షెడ్డులో కూర్చోబెట్టుకుంటానని ఖాదర్ నన్ను చూసి నవ్వాడు. మా వాడికి మనసులో నచ్చలేదు, అయినా నా మాటే నిలబడింది. ఆ పూట అన్నం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

కిట్ పెట్టె ఒక సాయంత్రం ఇంటికొచ్చింది. బిగించేది మర్నాడు. మా ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. కొత్త మోటారు కానీ, బోరులోకి దించే పైపు కానీ, నోరు తెరుచుకుని ఉన్న వస్తువుని సందెవేళ ఊరికే వదిలిపెట్టరు. ఏ గాలో ధూళో దూరుతుందని, బొట్టు పెట్టిన నిమ్మకాయతో ఆ నోరు మూస్తారు. పొద్దున్నే తీసి ఎవరూ తొక్కని చోట పారేస్తారు. గాలి ఊదే మిషన్లోకి గాలి దూరకూడదనడం ఏమిటని మీరు నవ్వొచ్చు. అప్పుడు నాకు తోచలేదు. పసుపు రాయడం గుర్తుంది. కుంకుమ పెట్టడం గుర్తుంది. హారతి ఇస్తుంటే, పెట్రోలు బండి సామాను కాడ ఆ నిప్పేందని రమణమ్మ విసుక్కోవడం కూడా గుర్తుంది. నిమ్మకాయ మాత్రం గుర్తులేదు.

మర్నాడు ఖాదర్ బిగించాడు. సన్నగా ఈల వేస్తూ ఖాళీ బండి బజారంతా తిరిగొచ్చింది. మొదటి లోడుకి నన్ను కూడా ముందు సీట్లో ఎక్కించుకున్నాడు మా వాడు. నువ్వు చెప్పిన కిట్ పనితనం నువ్వే చూద్దువు రా అన్నాడు.

మిట్ట మొదట్లో బాగానే ఉంది. మాలకొండయ్య ఆక్సిలేటరు గట్టిగా తొక్కగానే బండి ఆయాసం వచ్చినట్టు వగర్చింది. ఇంకా తొక్కితే ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేస్తే అవుతుంది, తొక్కితే చస్తుంది. వెనక నుంచి బండ్లన్నీ మమ్మల్ని దాటుకుని పోతున్నాయి. తోటల కాడ రోజూ కనిపించే డ్రైవరు ఒకడు పక్కనే నిదానం చేసి, "ఏం కొండయ్యా, కొత్త మిషన్ పెట్టించినావంట, నిద్రపోతా ఉండాదా?" అని పోయాడు.

మా వాడు నా వైపు చూడకుండానే అన్నాడు.

"పెద్దది తీసుకుందామంటే ఇన్నావా? ఇంక నువ్వు చదివింది చాల్లేమ్మా."

పొయ్యి పోయినప్పుడు బాధపడలేదు, తాళంచెవి పోయినప్పుడూ పడలేదు. ఈ మాట మాత్రం తగిలింది. నేను ఊరుకోలేదు. ఖాదర్‌కి ఫోన్ చేయించి, అమ్మినవాడు పాడు సరుకు అంటగట్టాడనీ, వాడి సంగతి తేల్చాలనీ గట్టిగా అన్నాను. చదివిందంతా ఒప్పజెప్పాను. ఆ కోపంలో ఒక్క ముక్క కూడా మర్చిపోలేదు.

ఖాదర్ మోటారుసైకిలు మీద వచ్చేదాకా కాయలు ఎండలో మగ్గాయి. అతను ముందు మిషన్ని తిప్పే బెల్టు చూశాడు, బాగుంది. తర్వాత కిట్‌తో వచ్చిన, గాలి పోయే లావు రబ్బరు గొట్టం ఊడదీసి, వంపులోకి వేళ్ళు పోనిచ్చి, నిమ్మకాయ ఒకటి బయటికి లాగాడు. నిదానంగా పోయినంతసేపూ పక్క సందుల్లోంచి గాలి వచ్చిందట. బలంగా పీల్చేసరికి కాయ బిరడాలాగా బిగుసుకుందట.

కాయకి బొట్టు స్పష్టంగా ఉంది. ఖాదర్ దాన్ని బొటనవేలితో తుడిచేసి మా వాడి చేతికిచ్చాడు.

"లోడులోది దొర్లిందిలే," అన్నాడు మాలకొండయ్య.

"దొర్లతాయి అన్నా, ఒక్కోసారి," అన్నాడు ఖాదర్.

వెనకున్న బస్తాలోంచి దొర్లి, బానెట్టులోకి ఎక్కి, బిగించిన గొట్టంలోకి దూరిందట. "బొట్టు కూడా అదే పెట్టుకుందా నాయనా?" అన్నాను. అప్పుడు ముగ్గురం నవ్వాం. వాళ్ళు నాకోసం నవ్వారు, నేను వాళ్ళకోసం నవ్వాను.

బండి ఆ మిట్ట ఎట్లా ఎక్కిందో చూడాల్సింది. మేం చేరేసరికి వేలం ఎప్పుడో అయిపోయింది, అది వేరే సంగతి. "నువ్వు చెప్పిన కిట్టే రైటమ్మా" అని మా వాడు దారిలో తనంతట తనే ఒప్పుకున్నాడు. గెలిచాను. గెలిచినా ఇంటికొచ్చి కూర్చుని, ఆ గొట్టంలో కాయ పెట్టిన నా చేతిని గుర్తు తెచ్చుకోవాలని చూశాను. పసుపు కనిపిస్తుంది, కుంకుమ కనిపిస్తుంది. ఆ తర్వాత ఏమీ లేదు. ఇవాళ్టికీ లేదు.

ఇప్పుడు రోజూ పొద్దున బండి తీసేముందు మాలకొండయ్య బానెట్టు లేపి, "అమ్మా, ఏమన్నా పెట్టినావా?" అని అడుగుతాడు. సరదాకే అడుగుతాడు. లేదురా అంటాను, గట్టిగానే అంటాను. వాడు నీళ్ళు తాగడానికి లోపలికి పోగానే నేను వెళ్ళి వంగి చూసొస్తాను. వచ్చి కూర్చున్నాక, చూశానో లేదో గుర్తురాక, ఇంకోసారి వెళ్ళి చూస్తాను.