గడియ లోపలి దిక్కున

కాగితం మీద ఇల్లు గీసి మా నాయిన ముందు పెడితే ఆయన కాగితం వంక చూడలేదు, నా మొహం వంక చూశాడు.

“ఏందిరా ఇది?”

“ఇల్లు నాయినా. మనం కట్టబోయేది.”

“ఇల్లు నేల మీద గీస్తరు. కాగితం మీద గీసేది పంపకం. ఎవడు రాయించిండు నీతోని?”

ఎవడూ రాయించలేదు. నేను బడి గడప తొక్కినవాణ్ణి కాదు. వనపర్తి అంగడిలో బెల్లం పొట్లం కట్టిచ్చిన కాగితాలు విప్పి, చీమలు దులిపి, అక్షరం అక్షరం కూడబలుక్కున్నవాణ్ణి. ఆ చదువుతో చేసిన మొదటి పెద్ద పని ఇదే. నాలుగు గీతలు గీసి ఒక్కో గదిలో ఒక్కో మాట రాశాను: వంట, గింజలు, అన్న, నేను. ‘అన్న’, ‘నేను’ వేరు వేరు గదుల్లో ఉండటమే నేరమైపోయింది. అన్న ఆ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసి, “నాకు చిన్నది పెట్టిండు నాయినా” అన్నాడు. నేను అందరికంటే చిన్నది పెట్టుకున్నానని చెప్పినా నమ్మలేదు. చదువు రానివాళ్ళ అనుమానాన్ని చదువుతో తీర్చలేమని ఆరోజే అర్థమైంది.

మాది పాన్‌గల్ దగ్గరి మెట్ట ఊరు. ఆ ఏటి వానలకు పాత ఇంటి వెనకగోడ కూలింది. కొత్తగా ఐదంకణాల మిద్దె లేపాలనుకున్నాం. అంకణమంటే రెండు దూలాల మధ్య చోటు. నాయిన బూడిద తెచ్చి నేల మీద తన ఇల్లు తాను గీశాడు. వాకిలి పక్క రెండంకణాలు ఎద్దులకు, ఒకటి వంటకు. మిగిలిన రెండు మనుషులకు, ఒకటి అన్నావదినలకు, చివరిది నాకు. ఆయన పడక వాకిట్లో. అమ్మ అప్పటికే పోయింది.

“రెండంకణాల నడుమ గోడ?” అన్నాను.

“గోడెందుకు? జొన్న బస్తాలు పేర్చితే గోడ కాదా? గింజలకు జాగా, మీకు చాటు. ఇయ్యాల గోడ అంటవు, రేపు పొయ్యి అంటవు.”

మిద్దె ఆయన గీసినట్టే లేచింది, బస్తాలే గోడయ్యాయి. నాకు అప్పుడే పెళ్ళయింది. నా భార్యది కృష్ణ అవతల గద్వాల దిక్కు. బీచుపల్లి దగ్గర పుట్టిలో ఏరు దాటి కాపురానికి వచ్చింది. వాళ్ళ ఊళ్ళో కన్నడ మాటలు కలుస్తాయి, వద్దనడానికి ‘బేడ’ అంటుంది. మా వదిన ఆ ఒక్క మాట పట్టుకుని రోజంతా నవ్వేది. వచ్చిన మొదటి రోజు బస్తాల గోడ చూసి ఆ పిల్ల నన్ను ఒకటే అడిగింది: “ఇవి తింటరు గదా?”

తిన్నాం. మొదట నెత్తి దాకా ఉన్న గోడ ఉగాదికి భుజాల దాకా దిగింది, ఆషాఢానికి నడుముల దాకా. ఆమె చీర మార్చుకోవాలంటే వంగి మార్చుకునేది. అవతల అన్న దగ్గితే ఇవతల మేం మాట మింగేవాళ్ళం. నాకు అనుమానం పుట్టింది. వంటింటి పక్క ఇంకో వరస బస్తాలుండగా వదిన ఎప్పుడూ మా గోడలోంచే ఎందుకు తీస్తోంది? బొగ్గుతో బస్తాల మీద గుర్తులు పెట్టాను. నెల తిరిగేలోపు గుర్తున్నవే రెండు పోయాయి. అడిగితే వదిన, “చేతికి అందినయి తీస్తున్న మరిదీ. నీ గోడ నేనేం తింటలేను, నువ్వే తింటున్నవు” అంది. నా భార్య తల దించుకుంది. నవ్వు ఆపుకోవడానికా, ఏడుపు ఆపుకోవడానికా, నాకు తెలియలేదు.

“గోడ పెట్టకుంటే మా ఊరికి పోత” అని నా భార్య ఒక్కసారే అంది. అప్పుడు కృష్ణ నిండుగా పారుతోంది, పుట్టి వేయరు. నీళ్ళు తగ్గేదాకే నాకు గడువు. నాయినను మళ్ళీ అడిగాను. ఆయన మళ్ళీ నా మొహం వంక చూశాడు.

ఏరు తగ్గింది, కోతలు అయ్యాయి, కొత్త బస్తాలు వచ్చాయి. ఆమె పెట్టె సర్దుకుంటుండగానే ఊళ్ళో లెవీ మాట పుట్టింది. యుద్ధం రోజులవి. ఇంటింటికీ రెవెన్యూ గిర్దావరు వచ్చి, తిండికి ఇంత అని వదిలి, మిగతా గింజలు సర్కారుకు కొలిపిస్తాడట. పండించేది మేం, మా కడుపుకు ఎంత కావాలో చెప్పేది ఆయన!

ఆ పూటే నాయిన మేస్త్రీని పిలిపించాడు. ఏడాదిగా నేను బతిమాలినా లేవని గోడ మూడు రోజుల్లో లేచింది. నా అంకణానికి తలుపు కూడా వచ్చింది. నేను సంతోషించేలోపే బస్తాలన్నీ అందులో పేర్చారు. ఒక నులకమంచం మాత్రం పట్టే చోటు మిగిలింది. నాయిన తలుపుకు బయట గొళ్ళెం కొట్టిస్తూ ఉపాయం చెప్పాడు: “చిన్న కోడలు బాలింత అందాం. బాలింత అర్రలకు ఏ మొగోడు పోడు. పెద్ద కోడలి బిడ్డను లోపల పండబెడదాం.” వదినకు మూడు నెలల పసిబిడ్డ ఉంది.

అప్పుడు నా భార్య వంటింట్లోంచి, ఎవరినీ చూడకుండా, వదినతో అన్నట్టుగా అంది: “అక్కా, బాలింతను ఎవరన్న బయటికెల్లి గొళ్ళెం పెట్టి ఉంచుతరా? గిర్దావరు అడిగితే ఏం చెప్తరు మామ?”

మేస్త్రీ సుత్తి ఆపాడు. “చిన్నమ్మ చెప్పింది నిజమే పెద్దయ్యా. గడియ లోపల ఉండాలె.”

నాయిన నన్ను అనుమానంగా చూశాడు. ఒట్టు, నాకేం తెలియదు. గొళ్ళెం ఊడదీసి లోపలి దిక్కున గడియ బిగించారు.

గిర్దావరు పట్వారీని వెంటబెట్టుకుని మర్నాడే వచ్చాడు. అప్పటికే నా భార్య బిడ్డను తీసుకుని లోపలికి పోయి గడియ వేసుకుంది. బయటున్న బస్తాలు లెక్కించి, మూసిన తలుపు ముందు ఆగాడు. “లోపల ఎవరు?”

“బాలింత సాబ్. చిన్న కోడలు.”

లోపల బిడ్డ సమయానికి కేర్‌మంది. ఊళ్ళో పుట్టినవాళ్ళూ పోయినవాళ్ళూ అందరి సంగతీ తెలిసిన పట్వారీకి ఆ బిడ్డ ఎవరిదో తెలియదా? ఆకాశం వంక చూశాడు. వారం తర్వాత మా గుమ్మడికాయలు పట్వారీ వాళ్ళ మిద్దె మీద ఎండుతూ కనిపించాయి, అంతకంటే నేను చెప్పను.

వాళ్ళు పోయాక నాయిన తలుపు దగ్గరికి వచ్చి, “పోయిన్రు, తలుపు తియ్యి బిడ్డా” అన్నాడు.

“బేడ మామా.”

“ఏందీ?”

“వద్దంటున్న. ఈ అర్ర నాదంటే తీస్త. గింజలకైతే వేరే జాగా చూడుండ్రి.”

అన్న గొంతు పెంచాడు. “నా బిడ్డ లోపల ఉంది! జర సిగ్గుండాలె!”

“బిడ్డకు పాలు కావాలె. అక్కను రమ్మనుండ్రి.”

వదిన వెళ్ళింది. తలుపు బెత్తెడు తెరుచుకుంది, వదిన పక్కకు తిరిగి దూరింది, గడియ పడింది. మేం ముగ్గురం మగవాళ్ళం బయట, ఇద్దరు ఆడవాళ్ళూ మా ఏడాది తిండీ లోపల. ఈసారి వదిన గొంతు వచ్చింది: “మామా, ఎద్దులకు రెండంకణాలు, నాకు చాటుగ తలుపు లేదు. ఒక అంకణంల గింజలు పెట్టి, ఎద్దులకు బయట పందిరి ఎయ్యిండ్రి. నా అర్రకు గూడ తలుపు పెట్టుండ్రి.”

“ఎద్దులను వానల నిలబెట్టుమంటవా?” నాయిన గొంతు పగిలింది.

“పందిరి ఎయ్యమంటున్న గదా! మేం ఏడాది నిలబడ్డం.”

మధ్యాహ్నం దాటింది, పొయ్యి వెలగలేదు. నాయిన వాకిట్లో కూర్చుని ఎద్దుల వంకా తలుపు వంకా మార్చి మార్చి చూశాడు. చివరికి లేచి, కోడలి తలుపు ముందు రెండుసార్లు దగ్గి, వేళ్ళ కణుపులతో మెల్లగా కొట్టాడు. మా ఇంట్లో ఒకరి తలుపు ఒకరు కొట్టడం నేను చూడటం అదే మొదలు.

“సరే బిడ్డా. మీరన్నట్లే చేస్త. జర జొన్నలు ఇయ్యుండ్రి, అంబలన్న కాచుకుంటం.”

తోడికోడళ్ళిద్దరూ ముందే మాట్లాడుకున్నారని నా అనుమానం. చీమ కుట్టినా ఊరు లేపే వదిన, బిడ్డ లోపల ఉండగా అంతసేపు నోరు మెదపకుండా ఎట్లా నిలబడింది? మా బస్తాలే ఎంచి ఎంచి తీసి గోడను త్వరగా దించింది కూడా అందుకేనా? మాటకు మాట చెప్పే నా భార్య ఈ ఒక్కటి అడిగితే మాత్రం, “ఏమో, తెల్వదు” అని చీపురు అందుకునేది.

బస్తాలు ఎద్దుల అంకణంలోకి మారిన రోజు పొద్దుగూకే ముందు చేను నుంచి వచ్చి నా గదిలోకి పోబోయాను. తలుపు వేసి ఉంది. నెట్టాను, రాలేదు. కొట్టాను.

“ఎవరు?” అంది లోపలి నుంచి.

నా ఇంట్లో నన్ను ఎవరని అడిగింది! ఒళ్ళు మండింది. అయినా చెప్పాను. చీర మార్చుకుంటున్నానని, ఆగమని అంది. ఆగాను.