పెద్దసారు కప్పుకున్నదే కావాలె

చాయ్ తాగుండ్రి, నవ్వుండ్రి, నేనేం అనుకోను. కని నన్ను "శాలువా సత్తన్న" అని పిలుసుడు మాత్రం బంజేయండ్రి! నిన్నటి ఫొటో చూసి ఊరంత నవ్వుతున్నది. ఫొటోల పడనిది ఇంకా అన్యాలం, ఇనుండ్రి.

మన సిద్దిపేట గ్యాలరీల వానకాలం నుంచి ప్రతి ఆదివారం ఒక ఎగ్జిబిషన్ పెడుతున్నం కదా. కమిటీకి నేను సెక్రెటరీని. సెక్రెటరీ అంటె ఏంది? శాలువాల సంచి మోసేటోడు. బొమ్మలు గీసినోళ్లు ఒక మూలకు నిలవడుతరు. కమిటోళ్లు స్టేజి మీద నాతోని శాలువాలు కప్పిచ్చుకుంటరు. వచ్చిన పెద్దమనుషులు బొమ్మల దిక్కు వీపు పెట్టి ఫొటో దిగి పోతరు. సీజన్ మొత్తం అందరికి కప్పిన గని, నాకు ఒక్కలు కప్పలే. లోపట మండుతనే ఉండె, ఉన్నమాట చెప్తున్న.

నిన్న ఆఖరి ఎగ్జిబిషన్, నేతోళ్ల బిడ్డ లావణ్యది. చీఫ్ గెస్ట్ ప్లాట్ల వెంచర్లు చేసే పెద్దసారు. రిబ్బన్ కట్ చేసిండు, స్పీచ్ కొట్టిండు. మా ప్రెసిడెంట్ మైకుల "ఇప్పుడు శాలువాతో సన్మానం" అన్నడు. సంచిల చెయ్యి పెట్టిన. ఖాళీ! పోయిన వారం కమిటోళ్లు ఉన్నయన్ని కప్పిచ్చుకున్నరు కదా. కప్పింది నేనే, యాదికి లేదు.

పెద్దసారు అప్పటికే మెడ వంచి నిలవడ్డడు. పక్కకు చూస్తె ఒక కట్టెకు మంచి ఎర్ర బట్ట వేలాడుతున్నది. అంచుకు నెత్తిన చల్లకుండ పెట్టుకున్న గొల్లభామలు, కింద కుచ్చులు. నేతోళ్ల ఎగ్జిబిషన్ కదా, సన్మానం కోసం వాళ్లే తెచ్చిన్రు అనుకున్న. గుంజిన. కట్టె ఫట్టుమని ఇరిగింది. కప్పిన. చప్పట్లే చప్పట్లు! సారు దాన్ని కప్పుకునే కారెక్కి పోయిండు.

లావణ్య ఉరుక్కుంట వచ్చింది. "సత్తన్నా, గీడ నా బట్ట ఏది?"

"గా శాలువానా? సారుకు కప్పిన."

"శాలువానా! మా బాపు భీవండి మిల్లుల పనికి పోయేముందు మగ్గం మీద సగంల ఇడిసిపెట్టిన చీరకొంగు అన్నా అది! మిగిలింది నేను నేసిన. ఆఖరి గొల్లభామను కావాలనే నడుము దాక నేసి ఆపిన. సాయంత్రం దాన్ని చూడనీకే హైదరాబాద్ మేడం వస్తుంది. నచ్చితె గాడ పెద్ద గ్యాలరీల పెడ్తరు."

"మరి గా కుచ్చులు?"

"కుచ్చులా? గవి నేయకుండ ఇడిసిన పోగులు! ఇన్ని ఎగ్జిబిషన్లు చేసినవు, ఒక్కదాన్నన్న కండ్లు పెట్టి చూసినవా అన్నా?"

తల కొట్టేసినట్టయింది నాకు. చూడలే, నిజమే.

సారు డ్రైవర్‌కు ఫోన్ కొట్టిన. కుకునూరుపల్లిల ఎరువుల దుకాణం ఓపెనింగుకు పోతున్నరట. బండి తీసిన. గిసువంటి సార్లు శాలువాలు ఇంటిదాక తీస్కపోరు, దారిల ఎవని మెడల పడితె వాని మెడల ఏసి పోతరు.

నేను పోయేసరికి సారు టెంటు కింద కూసున్నడు. బట్ట ఇంకా మీదనే ఉన్నది, బతికిన! స్టేజి ఎక్కి చెవుల చెప్పిన, "సార్, గా శాలువా..."

పూర్తిగ ఇనలే. "అరే, నీకు కప్పనే లేదా?" అని మైకు అందుకున్నడు. "చూడుండ్రి, పాపం, శాలువా కోసం సిద్దిపేట నుంచి బండి మీద వచ్చిండు!"

జనం ఒకటే నవ్వుడు. దుకాణపాయన కవర్‌ల ఉన్న కొత్త శాలువా తెచ్చి ఇచ్చిండు. నేను రెండు చేతులు అడ్డం పెట్టిన. "అది వద్దు సార్! మీరు కప్పుకున్నదే కావాలె!"

సారు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. "నా మీద గింత అభిమానమా!" అని తన మీది బట్ట తీసి నాకు కప్పి, గట్టిగ గుండెకు అదుముకొని అలాయ్ బలాయ్ ఇచ్చిండు. మీరు చూసిన ఫొటో గదే. ఎందుకు అన్ని పండ్లు బయటవెట్టి నవ్విన అంటరా? జిందగీల మొదటి శాలువా! వచ్చిన పని ఆ ఒక్క నిమిషం మర్చిపోయిన.

మడత పెడితె పోగులు తెగుతయని మీద కప్పుకునే గ్యాలరీకి వచ్చిన. నేను లోపటికి అడుగుపెట్టుడు, గేటుకాడ మేడం కారు ఆగుడు, కరెంటు పోవుడు. ఇన్వర్టర్ మీద ఒక్క లైటు. బట్ట వేసే కట్టె నేనే ఇరగ్గొట్టిన కదా!

లావణ్య నన్ను గోడకు నూకింది. "కట్టె బదులు నువ్వే, చేతులు చాపు అన్నా. కదలకు. మొఖం అవతలికి తిప్పు."

మేడం వచ్చింది. బట్ట ముంగట చానాసేపు నిలవడ్డది. పోగులను మెల్లగ ముట్టుకున్నది. నా ముక్కు మీద దోమ. ఊపిరి బిగవట్టిన. ఇది గూడ చెడగొడితె ఆ పిల్ల బాపుకు నా మొఖం ఎట్ల చూపియ్యాలె?

"ఎక్సలెంట్ లావణ్యా! ఇది మేం తీసుకుంటున్నాం," అన్నది మేడం. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంతల నా దిక్కు చూసి మొఖం ముడుచుకున్నది. "కానీ బట్ట తొడిగిన ఈ బొమ్మ మాత్రం వద్దమ్మా. బట్ట ఎంత బాగుందో, బొమ్మ అంత చీప్‌గా ఉంది."

లావణ్య నవ్వలేదు. "అవును మేడం. లోకల్‌గ గిదే దొరికింది," అన్నది.

మేడం నిజంగనే బొమ్మ అనుకున్నదో, ఇద్దరు కలిసి నన్ను ఆడుకున్నరో, ఇప్పటికి తెల్వదు. అడిగే ధైర్యం లేదు. పొద్దుగాల బట్ట హైదరాబాద్ పోయింది. బొమ్మ మీ ముంగట కూసోని చాయ్ తాగుతున్నది.