రన్‌వే అవతలి బ్యాంకు

మా ఊరి బ్యాంకును ఎత్తేస్తున్నారన్న వార్త ముందుగా నాకు చెప్పింది పాలు పోసే అక్క. "గోడకు కాగితం అంటిచ్చిండ్రే చెల్లె. ఇగ నీ స్లిప్పుల దుకాణం బంద్," అని నవ్వింది. చదువురాని వాళ్లకు ఆ బ్యాంకులో స్లిప్పులు రాసిపెట్టడం నా పని. నేనూ బడి ముఖం చూడలేదు. అమ్మ ఇంట్లోనే బైబిలు ముందు పెట్టి అక్షరాలు దిద్దించింది. ఆ అక్షరాలే అన్నం పెడుతున్నాయి, దేవునికి స్తోత్రం.

మూసేయడానికి కారణం మేనేజరు చెప్పారు. బ్యాంకుల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ కార్యాలయంలో ఒక కంప్యూటరు వ్యవస్థ ఉందట. ఏ బ్యాంకు శాఖకు ఏ శాఖ ఎంత దూరమో దానికి తెలుసట. అవతలి ఊళ్లోని శాఖ మాకు చాలా దగ్గరని, ఇక ఇది అక్కర్లేదని అది తేల్చింది. నిజమే. మధ్యలో విమానాశ్రయం ఉందన్న సంగతి ఒక్కటే దానికి ఎవరూ చెప్పలేదు.

అందరికంటే ఎక్కువ దిగులుపడింది మేకలు కాసే పెద్దమ్మ. మోకాళ్లు అరిగినా కర్ర పట్టుకుని తానే నడిచొచ్చి పింఛను తీసుకునేది. బ్యాంకు పోతే పాసుపుస్తకం అల్లుడి చేతికి పోతుంది. "గట్లయితే చాయ్‌కి గూడ వాన్నే అడగాలె బిడ్డా," అనేది.

ఇంతలో ఆ వ్యవస్థ ఎంత బాగా పనిచేస్తోందో పరీక్షించడానికి పైనుంచి ఒక సారు, ఒక మేడమ్ వచ్చారు. దానిలో ఉన్నదీ మా రిజిస్టర్లలో ఉన్నదీ ఒకటేనా అని రెండు రోజులు టిక్కులు పెట్టారు. చిరునామా సరి, బీరువాలు సరి, దూరం సరి. ఒక్క తప్పూ లేదని సారు సంతోషించారు. చాయ్ అందిస్తూ నేనూ సంతోషించాను. తప్పులేనిదాన్ని చూసే భాగ్యం ఎందరికి దొరుకుతుంది?

పెద్దమ్మ వచ్చి ఆయన ముందు నిలబడింది. "గా బ్యాంకుకు ఎట్ల పోవాలె సారూ?"

సారు పటం చూపించారు. "ఇదిగో అమ్మా, ఇక్కడి నుంచి ఇక్కడికి. ఎంత దగ్గరో చూడండి."

"నడుమ గీ పొడుగు గీత ఏంది?"

"రన్‌వే."

"మంచిది. నేను దాటెదాక ఇమానాలు జర ఆపిస్తవా?"

అందరం నవ్వాం. సారు నవ్వలేదు. "దారులు మా పరిధిలోకి రావండి," అన్నారు. మేడమ్ మాత్రం లాప్‌టాప్ మూసి, "పదండి పెద్దమ్మా, మీరెలా వెళ్లాలో నాకు చూపించండి," అన్నారు.

నేనూ తోడు వెళ్లాను. విమానాశ్రయం గోడ వెంబడి ఒక ఆటో, శంషాబాద్‌లో దిగి ఇంకొకటి. మేం చేరేసరికి అవతలి బ్యాంకులో భోజనాల వేళ. మేడమ్ చెప్పుల నిండా దుమ్ము. తిరిగొచ్చి ఆటో దిగుతుంటే పెద్దమ్మ అడుగు తప్పింది, మోకాలు మెలిపడింది. "ఏం గాలే. మేడమూ, పరీక్ష పాసైనమా?" అంది, పళ్లు బిగబట్టి.

పాసయ్యాం. కొన్నాళ్లకు పాత కాగితం మీద కొత్త కాగితం అంటించారు: మూసివేత నిలిపివేయడమైనది. సారూ మేడమూ పంపిన నివేదికను మేనేజరు చదివి వినిపించారు. వ్యవస్థలోని సమాచారం పూర్తిగా ఖచ్చితమని మొదటి పేజీలో ఉంది. దూరాన్ని రోడ్డు వెంట కొలిస్తే మంచిదని చివరి పేజీ అడుగున ఒక్క వాక్యం. ఆ వాక్యానికీ, రాసిన చేతికీ రోజూ కృతజ్ఞతలు చెప్పుకుంటాను.

బ్యాంకు ఉంది. నా పనీ ఉంది. పెద్దమ్మ మాత్రం ఆ రోజు నుంచి మంచం దిగలేదు. నెలనెలా ఖాళీ స్లిప్పు మీద ఆమె వేలిముద్ర వేయించుకుని, పాసుపుస్తకం పట్టుకుని అల్లుడు వస్తాడు. స్లిప్పు నేనే రాసిస్తాను.

ఇది చదివినవాళ్లు ప్రార్థన చేసుకునేవాళ్లయితే ఆ మేకల పెద్దమ్మను అందులో ఒక్కసారి తలచుకోండి. చేసుకోనివాళ్లయితే ఊరికే తలచుకున్నా చాలు.