తోడికోడలికి తగ్గింది, నాకు తగ్గలేదు

ఆ రోజు పొద్దున్న లేచేసరికి కుడిచెయ్యి గుప్పిట పడలేదు. అంతకు కొద్దిరోజుల ముందే, పూతరేకులు తీసే కుండ మంట మీద పగిలి, నాకూ మా తోడికోడలు సత్యవతికీ ఒక్కసారే చేతులు కాలాయి. తొంభైల చివరి మాట. కొత్తపేట దగ్గర మా ఊళ్లో డాక్టరుగారు ఇద్దరికీ పెన్సిలిన్ ఇంజెక్షనే చేశారు. సత్యవతి పుండు పక్కు కట్టి రాలిపోయింది. నాది చీము పట్టింది, చెయ్యంతా వాచి జ్వరం వచ్చింది.

"నువ్వు లేవకక్కా, కుండ దగ్గర నేను కూచుంటాను కదా," అంది సత్యవతి. మంచికే అంది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఆ పీట నాది! వేడి కుండ మీద పిండినీళ్ల గుడ్డ పరిచి రేకు లేపడంలో మా అత్తగారి తర్వాత నేనే. ఇప్పుడు రేకులు కొనే ఆయన వచ్చి, "సత్యవతిగారు తీసేరాండీ? భలే పల్చగా ఉన్నాయండీ!" అంటుంటే మంచం మీద పడి వినాల్సి వచ్చింది.

ఒకటే కుండ, ఒకటే సూది. దాని చెయ్యి మానడమేమిటి, నాది కుళ్లడమేమిటి?

మా ఆయన అమలాపురం తీసుకెళ్లారు. అక్కడి సర్జన్‌గారు చీము తీసి, అందులో ఏ క్రిమి ఉందో, ఏ మందుకి చస్తుందో తేల్చే కల్చర్ పరీక్షకి పంపించారు. "చీము వేళ్లని కదిలించే టెండన్ల దాకా దిగితే వేళ్లు ఇక ముడుచుకోవమ్మా," అన్నారు. వేళ్లు పోతే పీట పోయినట్టే.

రిపోర్టులో స్టెఫైలోకాకస్ అనే క్రిమి అని వచ్చింది. పెన్సిలిన్‌కి రెసిస్టెంట్, అంటే లొంగదు; క్లాక్సాసిలిన్‌కి సెన్సిటివ్, అంటే లొంగుతుంది.

"అదే సూది మా తోడికోడలికి పనిచేసిందండీ. నాకేం పాపమండీ?" ఉండబట్టలేక అడిగేశాను.

సర్జన్‌గారు నవ్వారు. "ఆవిడ పుండులో అసలు క్రిమి చేరిందో లేదో! మీ క్రిమి ఒక ఎంజైమ్ వదిలి పెన్సిలిన్‌ని విరగ్గొట్టేస్తోందమ్మా. క్లాక్సాసిలినూ పెన్సిలిన్ జాతిదే. బూజు నుంచి తీసిన మూలపదార్థానికి ల్యాబ్‌లో ఇంకో ముక్క అతికించేరు. అది అడ్డం ఉండబట్టి ఎంజైమ్ దీన్ని విరవలేదు. మందు నిలిచి, క్రిమిని తన గోడ కట్టుకోనివ్వదు. గోడ లేక అదే పగిలి చస్తుంది. దీనికీ లొంగని రకాలున్నాయి, మీ అదృష్టం బాగుంది."

"ఆయ్, అలాగేనండీ," అన్నాను. అదృష్టమట!

ముందు సెలైన్‌లో ఎక్కించారు, తర్వాత క్యాప్సూల్స్. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం. జ్వరం తగ్గింది కదా అనుకుంటే మళ్లీ చీము చేరింది, మళ్లీ కోశారు. క్యారియర్ తెచ్చి అన్నం కలిపి పెడుతున్న సత్యవతి చేతి మీద మచ్చయినా లేదు. తింటూనే కుళ్లుకున్నాను.

ఎట్టకేలకు చెయ్యి మానింది. ఇప్పుడు మా వసారాలో రెండు కుండలు, నాదొకటి, సత్యవతిదొకటి. నా చిటికెనవేలు పూర్తిగా ముడవదు, రేకు మునుపటంత పల్చగా రాదు. దానిదే పల్చన. ఇప్పటికీ ఓర్వలేను.

నేను చెప్పేదొకటే. పక్కవాళ్లకి తగ్గించిన మందు మనకీ తగ్గిస్తుందని కూచోకండి. పుండు తగ్గుముఖం పట్టకపోతే డాక్టరుని కల్చర్ గురించి అడగండి.

మొన్న సత్యవతి వేలు కాలి కాస్త ఎర్రబడింది. వద్దంటున్నా వినకుండా అమలాపురం బస్సెక్కించాను. దారంతా దాని చెయ్యి నా ఒళ్లోనే పెట్టుకున్నాను. డాక్టరుగారు చూసి, మందే అక్కర్లేదన్నారు. చూశారా, దానికెప్పుడూ అంతే!