దేవుడూ సరుకూ లేని ఊరు

2022 జూన్ ఆఖరు. ఆదోని స్టేషన్ రోడ్డులో మా ట్రావెల్స్ ఆఫీసు అంటే ఒక గది, రెండు బల్లలు, తిరిగినంతసేపూ కిర్రుమనే ఒక ఫ్యాను. రైలు టికెట్లు, పెళ్లిళ్లకు బస్సులు, యాత్రలకు ప్యాకేజీలు నా వ్యాపారం. అప్పటికి కొంతకాలంగా ఇంకో పని కూడా చేస్తున్నాను. టైమ్‌షేర్ పాయింట్లు బాడుగకు ఇప్పించడం.

ఈ పాయింట్ల సంగతి చాలామందికి తెలియదు. ఒక కంపెనీకి అక్కడక్కడా రిసార్టులు ఉంటాయి. మనం ఒక్కసారి పెద్ద మొత్తం కట్టి మెంబరైతే ఏడాదికి ఇన్నని పాయింట్లు మన ఖాతాలో పడతాయి. వాటితో గదులు తీసుకోవచ్చు. పిల్లలకు సెలవులుండే పీక్ సీజన్‌లో గదికి ఎక్కువ పాయింట్లు పోతాయి, వానాకాలంలో తక్కువ. వెళ్లినా వెళ్లకపోయినా మెయింటెనెన్స్ అని ఏటేటా కట్టాల్సిందే. మా ఆదోనిలో ఒక పత్తి ఏజెంటు అలా మెంబరై, పోవడానికి తీరిక లేక, తన పాయింట్లు నాకు అప్పజెప్పాడు. కావలసినవాళ్లకు వాటితో గది పట్టిస్తాను. దీన్ని గెస్ట్ బుకింగ్ అంటారు. అలా తీసుకునేవాళ్లకు ఏటేటా కట్టే బాధ ఉండదు కానీ, మిగిలిన గదితో, మిగిలిన తేదీతో సర్దుకోవాలి.

ఒక శనివారం ఎమ్మిగనూరు నుంచి భార్యాభర్తలు వచ్చారు. బసవరాజన్న, లలితమ్మ. ఆయన ఒకప్పుడు కూలి మగ్గం మీద నేసినవాడు. ఇప్పుడు సొంత మగ్గాలు, తువ్వాళ్లు, దుప్పట్ల వ్యాపారం. నూలు కోసం బెంగుళూరు వెళ్లినప్పుడు ఒక మాల్‌లో ‘మీకు బహుమతి వచ్చింది’ అని పిలిచి, కూర్చోబెట్టి, చల్లటి పళ్ల రసం తాగించి, మధ్యాహ్నమంతా మాట్లాడి మెంబర్‌షిప్‌కు సంతకం పెట్టించుకున్నారట. వీళ్లు కొంత అడ్వాన్సు కూడా కట్టారు.

“ఇప్పుడు సెప్పమ్మా. ఈ పాయింట్లు కొనుక్కునేది మంచిదా, నీ కాడ బాడుగకు తీసుకునేది మంచిదా?” అన్నాడాయన.

నాకు ఒళ్లు మండింది. సంతకం పెట్టి వచ్చి సలహా అడిగేవాళ్లంటే నాకు మొదటి నుంచీ పడదు. “చేతులు కాలినాక ఆకులు పట్టుకుంటాండావు కదన్నా” అన్నాను. అయితే పూర్తిగా కాలలేదు. ఇలాంటి ఒప్పందాల్లో కూలింగ్ ఆఫ్ అని కొద్ది రోజుల గడువు ఉంటుంది. ఆలోగా వద్దని రాసి పంపితే డబ్బు వెనక్కి ఇవ్వాలి. వాళ్ల గడువు వచ్చే శనివారం సాయంత్రం దాకా ఉంది. బాడుగకు తీసుకుంటే నాకు కమిషన్ వస్తుందనీ, ఆ సంగతి మనసులో పెట్టుకుని నా మాట వినమనీ ముందే చెప్పేశాను.

“కూలి మగ్గానికీ సొంత మగ్గానికీ తేడా నాకు తెలుసమ్మా” అన్నాడు బసవరాజన్న. “ఒగరి మగ్గం మీద ఎంత బాగా నేసినా, లెయ్ అంటే లేసి పోవల్ల. కొంటే సొంతమే కొనల్ల. కానీ ఏడాదికోసారి యాడ పోతామని? పోకుంటే దుడ్లు దండగ.”

అంటూనే ఫోను చూసుకున్నాడు. బయటికి వెళ్లాడు, లోపలికి వచ్చాడు, మళ్లీ వెళ్లాడు. ఆయన కుర్చీలో కూర్చున్న సమయం కంటే గడపలో నిలబడ్డ సమయమే ఎక్కువ. చూస్తున్న నాకే కాళ్లు నిలవడం లేదు.

ఆయన బయట ఉండగా లలితమ్మ బల్ల మీదికి వంగింది. “అమ్మా, ఆ మాల్‌లో పిల్లోడు ఒక మాట అడిగినాడు. మీరిద్దరూ ఆఖరుసారి యాడికి పోయినారు, ఎప్పుడు పోయినారు అని. మనసులోనే లెక్క ఏసుకుంటి. ఉరుకుంద గుడికి పోతాము. మంత్రాలయం పోతాము. నూలు కోసరం పోతాము, గిరాకీ కోసరం పోతాము. దేవుడూ లేకుండా, సరుకూ లేకుండా ఒక ఊరికి మేము పోయిందే లేదు. కొనిపియ్యమ్మా. కట్టిన దుడ్లు పోతాయంటే ఈయప్ప యాడికైనా వస్తాడు. బాడుగంటే ఎగ్గొడతాడు.”

ఇంతకాలంగా ఈ లెక్కలు చెబుతున్నాను. ఎన్నేళ్లకు గిట్టుబాటు, ఏ సీజన్‌కు ఎన్ని పాయింట్లు, అన్నీ నోటికి వచ్చు. మొగుణ్ణి కట్టేయడానికి పలుపుతాడులాగా మెంబర్‌షిప్ కొంటానన్న మనిషిని మాత్రం అప్పుడే చూశాను. నాకు నవ్వూ వచ్చింది, ఆమె ముఖం చూస్తే జాలీ వేసింది.

ఆయన లోపలికి రాగానే ఒక దారి చెప్పాను. మా పత్తి ఏజెంటు పాయింట్లు అదే కంపెనీవి. కూర్గులో వానలు, గదులు ఖాళీ. గడువు లోపలే ఒకసారి బాడుగకు పోయి చూసి రండి, నచ్చితే ఉంచుకోండి, లేకపోతే రద్దు చేసుకుందాం అన్నాను. పైగా వచ్చే బుధవారం అమావాస్య. అమావాస్య నాడు నేతగాళ్లు మగ్గం ముట్టరు. ఊరంతటికీ అదే సెలవు. ఆయనకు ఒక సాకు తగ్గింది. గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు.

సోమవారం రైలెక్కించాను. మంగళవారం సాయంత్రం లలితమ్మ ఫోను. “అమ్మా, కిటికీ కాడ కూసున్నా. కొండంతా తడిసిపోతాంది. కాఫీ వాళ్లే తెచ్చి ఇస్తాండారు, లేసే పనే లేదు.” ఆ గొంతు విని నేను కూడా కాసేపు ఏ పనీ చేయలేదు.

అమావాస్య మధ్యాహ్నం బసవరాజన్న ఫోను. “అమ్మా, ఈ రిసార్టుకు తువ్వాళ్లు ఎవరు వేస్తాండారో కనుక్కుంటావా?”

ఎగతాళి అనుకున్నాను. కాదు. స్నానం చేసి తుడుచుకుంటూ తువ్వాలు తిరగేసి చూశాడట. అంచు వదులు, పోగు పలచన. “నాలుగు ఉతుకులకే ఈగల వల అయితాదమ్మా ఇది. మన ఎమ్మిగనూరు తువ్వాలు సూస్తే వీళ్లు కండ్లకు అద్దుకుంటారు.” ఆ తర్వాత పక్క మీది దుప్పటి చూశాడు. తర్వాత లాండ్రీకి పోయాడు. తర్వాత సరుకు కొనే మేనేజరు మడికేరిలో ఉంటాడని తెలుసుకుని, జీపు మాట్లాడుకుని అక్కడికి పోయాడు.

సాయంత్రం లలితమ్మకు నేనే చేశాను. “అన్నం కాడికి కూడా రాలేదమ్మా. మేనేజరు కోసరం కాసుకోని ఉండాడంట” అంది. కిటికీ మాట ఎత్తలేదు. ఆ రోజు నా ఆఫీసులో నాకు కూర్చోబుద్ధి కాలేదు. టికెట్టు కోసం వచ్చిన ఒక పెద్దాయన మీద ఊరకే విసుక్కున్నాను, పాపం.

శనివారం మధ్యాహ్నం ఇద్దరూ రైలు దిగి నేరుగా నా దగ్గరికే వచ్చారు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

“కొనేస్తాండామమ్మా! ఆ మేనేజరు శాంపుల్ పంపించమన్నాడు. మెంబరయితే ఏ రిసార్టుకు పోయినా కుర్చీ ఏసి కూసోబెడతారు. ఏడాదికి ఒక ఊరు, ఊరికి ఒక ఆర్డరు. ఈ పాయింట్లు ఊరికే వచ్చినట్టే లెక్క!”

లలితమ్మ బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. “వద్దు” అంది.

“అదేందే? నువ్వే గదా కావల్లంటివి?”

“అంటి. గదితో పాటు నువ్వూ వస్తావనుకొంటి. నాలుగు దినాలు నా కాడ కూసుంటావనుకొంటి. నువ్వు ఆడికి కూడా అంగడి మోసుకోని వస్తివి.”

“ఎవురి కోసరం? నీ కోసరమే గదా ఈ తిప్పలంతా!”

“పెండ్లయినప్పటి నుంచి ఈ మాటే ఇంటాండా. నా కోసరం సంపాదిచ్చినావు. నా కోసరం ఒక్క పూటన్నా ఊరికే కూసున్నావా?”

ఆయన నా వైపు చూశాడు, సాయం చెయ్యమన్నట్టు. వ్యాపారస్థురాలిని, నోరు మూసుకుని ఉండాలి. ఉండలేకపోయాను. “మెంబరయితే ఏటేటా ఇదే జరుగుతుందన్నా. ఈసారి బాడుగకు పోయి ఏడ్చింది. రేపు సొంత డబ్బు పెట్టి ఏడుస్తుంది. అంతే తేడా” అన్నాను.

అంతలో మాల్‌లోని ఆ కుర్రాడే ఫోను చేశాడు. గడువు రోజు వాళ్లు మరచిపోరు. లలితమ్మ భర్త చేతిలోంచి ఫోను తీసుకుని “వద్దు నాయనా, మాకు కుదరదు” అని చెప్పి పెట్టేసింది. బసవరాజన్న కాసేపు గడపలో నిలబడి వీధి చూశాడు. తిరిగి వచ్చి, “రాసి పంపిచ్చెయ్ అమ్మా” అన్నాడు. పంపేశాను. కొన్నాళ్లకు అడ్వాన్సు వెనక్కి వచ్చింది. తువ్వాళ్ల ఆర్డరూ వచ్చింది. ఆయన మంచి వ్యాపారి, అందులో అనుమానం లేదు.

చలికాలంలో లలితమ్మ మళ్లీ ఫోను చేసింది. బాడుగకే ఒక గది కావాలంది, అమావాస్య కలిసొచ్చేట్టు. తనకూ, ఇంట్లోనే ఉండి మగ్గాలకు నూలు కండెలు చుట్టే ఆడబిడ్డకూ. ఆయన పేరు చెబుతుందేమోనని నేను కాసేపు ఆగాను. చెప్పలేదు. రెండు టికెట్లే చేశాను.

వాళ్లిద్దరినీ రైలెక్కించిన బసవరాజన్న స్టేషన్ నుంచి నా ఆఫీసుకు నడిచి వచ్చాడు. పని ఏమీ లేదు. కూర్చున్నాడు. ఫోను జేబులోనే ఉంది.

“ఆడ ఏం సేస్తారమ్మా ఇద్దరూ?”

“ఏమీ చెయ్యరన్నా. కూర్చుంటారు.”

“ఊరికేనా?”

“ఊరికేనే.”

నేను ఇద్దరు గిరాకీలను పంపించిన తర్వాత, గొంతు తగ్గించి అడిగాడు. “అంటే, నేను లేకుంటేనే ఆమెకు బాగుంటాదా?”

“నువ్వుంటే ఎట్లుంటాదో ఆమెకు తెలీదు కదన్నా” అన్నాను. “నువ్వు ఎప్పుడూ లేవు.”

ఆయన లేచి, ఎమ్మిగనూరు బస్సుకు వెళ్లిపోయాడు. ఆ మాట అన్నందుకు ఆ రోజంతా నాకు మనసు మనసులో లేదు, కానీ వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు.

ఆ తర్వాత నా పద్ధతి మారింది. కొనాలా, బాడుగా అని ఏ జంట వచ్చినా పాయింట్ల లెక్క వెంటనే తీయను. మీ ఇద్దరిలో పోవాలని ఎవరికి ఉంది అని అడుగుతాను. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఎవరు ముందు తల దించుకుంటారో చూసి, పోవాలని లేనిది వాళ్లకేనని తెలుసుకుని, అప్పుడు లెక్క మొదలుపెడతాను.